లెమన్ కర్డ్: గుడ్డు విరుగుతుందని భయపడి ముందే దించేయకండి

లెమన్ కర్డ్ అంటే చెంచాతో తినడానికీ కేక్ పొరల మధ్య రాయడానికీ చేసే పులుపు తీపి నిమ్మ క్రీమ్. అందులో ముఖ్యంగా పడేవి నాలుగే నాలుగు. నిమ్మరసం, చక్కెర, గుడ్లు, వెన్న. పొయ్యి మీద ఉండేది పది పన్నెండు నిమిషాలు. అయినా మొదటిసారి చేసేవాళ్లకు ఉండే టెన్షన్ అంతా ఇంతా కాదు. పది రెసిపీలు తెరిస్తే పది రకాలుగా ఉంటాయి. పచ్చసొనలు మాత్రమే వేయాలని ఒకరంటారు, గుడ్లు మొత్తంగా కొట్టి పోయాలని ఇంకొకరు. వెన్న మొదట్లోనే వేయాలని ఒకరు, దించాక కలపాలని మరొకరు. అందరూ కలిసి చెప్పే మాట మాత్రం ఒక్కటే: జాగ్రత్త, గుడ్డు విరిగిపోతుంది.

నా లెక్కలో ఎక్కువ కర్డ్‌ను పాడుచేస్తున్నది ఈ హెచ్చరికే. విరిగిపోతుందేమోనని భయపడి, చిక్కబడటానికి ఇంకా రెండు నిమిషాలు ఉందనగా దించేస్తాం. నేను చేసిన మొదటి సీసా గతి అదే అయింది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా పొద్దున్న తీసి చూస్తే స్పూన్ మీద నిలవకుండా జారిపోయింది. నోట్లో పెట్టుకుంటే నిమ్మ వాసన కంటే ముందు పచ్చిగుడ్డు నీచు తగిలింది. పారబోయక తప్పలేదు. ఆ చివరి రెండు నిమిషాల్లో గిన్నెలో ఏం జరుగుతుందో తెలిస్తే భయం సగం పోతుంది. రెసిపీలు అన్ని రకాలుగా ఎందుకున్నాయో కూడా అర్థమవుతుంది.

ముందుగా పేరు సంగతి. కర్డ్ అనగానే పెరుగు గుర్తొస్తుంది గానీ ఇందులో పెరుగు లేదు, పాలు కూడా లేవు. ఇది ఇంగ్లండ్ వంటకం. 19వ శతాబ్దంలో అక్కడ ఈ పేరుతో చేసినది నిజంగానే నిమ్మరసంతో మీగడను విరిచి, నీటిని వడకట్టి తీసిన ముద్ద. తర్వాత ఆ చోటులోకి గుడ్లు, వెన్న వచ్చాయి. పేరు మాత్రం మారలేదు.

పాలు విరుగుతాయి, మరి గుడ్డు?

వేడి పాలలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే చాలు, క్షణాల్లో విరుగుతాయి. గుడ్లలో అరకప్పు రసం పోసినా అలా జరగదు. చాలామందికి ఇక్కడే సందేహం వస్తుంది.

పాలలో ముఖ్యమైన ప్రోటీన్ కేసీన్. దాని సన్నటి గుళికలన్నిటి మీదా రుణావేశం, అంటే నెగటివ్ విద్యుత్ చార్జ్ ఉంటుంది. ఒకే రకం ఆవేశం కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, అంటుకోకుండా పాలలో తేలుతుంటాయి. పులుపు పెరిగి పీహెచ్ (పులుపును కొలిచే అంకె, పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 4.6 దగ్గరికి వచ్చేసరికి ఆ ఆవేశం పోతుంది. నెట్టే బలం పోయాక ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి. పాలు విరగడమంటే ఇదే.

గుడ్డులోని ప్రోటీన్ల తీరు వేరు. అవి దారపు ఉండల్లా తమలో తాము చుట్టుకుని ఉంటాయి. వేడి తగిలి ఆ ఉండలు విప్పుకుంటే తప్ప పక్కవాటితో ముడిపడవు. అందుకే చల్లగా ఉన్నప్పుడు ఎంత పులుపు పోసినా పాలలా విరగవు. ఇంకో విషయం, నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.6 దాకా ఉంటుంది. గుడ్లతో కలిశాక కాస్త పెరిగినా, ఆవేశం సున్నా అయ్యే చోటుకు బాగా కిందే ఉంటుంది. అంటే ప్రమాదమున్న చోటును దాటేసి అవతలి ఒడ్డుకు చేరిపోయామన్నమాట. అక్కడ ప్రోటీన్లన్నీ ధనావేశంతో ఉంటాయి కాబట్టి మళ్లీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. వేడికి విప్పుకున్నా గట్టిగా కరుచుకోలేక వదులుగా అల్లుకుంటాయి. ఆ అల్లికలో రసం చిక్కుకుని కదలలేకపోతుంది. కర్డ్ చిక్కదనం అక్కడినుంచి వస్తుంది.

కర్డ్‌లో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే. పులుపును చూసి భయపడతాం గానీ, గుడ్డు పొరటులా గట్టి ముక్కలు కాకుండా మెత్తగా ఉండటానికి పెద్ద కారణం ఆ పులుపే.

అయితే పులుపుతో ఒక చిక్కు కూడా ఉంది. ప్రోటీన్ ఉండలు విప్పుకోవడాన్ని అది తొందరపెడుతుంది. ఆ తొందరకు కళ్లెం వేసేది చక్కెర. నీటిలో కరిగిన చక్కెర ప్రోటీన్లను చుట్టుకున్నవి చుట్టుకున్నట్టే పట్టి ఉంచుతుంది. అవి విప్పుకోవాలంటే ఇంకాస్త ఎక్కువ వేడి కావాలి. కాబట్టి తీపి తక్కువ కావాలని చక్కెరను సగానికి సగం తగ్గించేస్తే మారేది రుచి ఒక్కటే కాదు. వేడి దగ్గర మనకున్న వెసులుబాటు కూడా తగ్గిపోతుంది. పావు వంతు దాకా తగ్గించుకోవచ్చు. అంతకంటే తగ్గించాలంటే మంట ఇంకా సన్నగా పెట్టి, కళ్లు గిన్నె మీదే ఉంచాలి.

చక్కెర గురించి ఇంకో చిన్న జాగ్రత్త. పచ్చసొనల మీద చక్కెర పోసి, కలపకుండా వదిలేసి వేరే పనిలో పడకండి. చక్కెర సొనలోని నీటిని లాగేసుకుంటుంది. తగిలిన చోటల్లా సొన చిన్న చిన్న గట్టి పలుకులవుతుంది, ఆ తర్వాత ఎంత గిలక్కొట్టినా అవి కరగవు. పోసిన వెంటనే కలిపేస్తే ఏ ఇబ్బందీ లేదు.

ఎక్కడ ఆపాలి

విడిగా వేడిచేస్తే తెల్లసొన 62 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కబడటం మొదలవుతుంది. పచ్చసొన 65 దగ్గర మొదలై 70కల్లా గట్టిపడుతుంది. ఈ అంకెలు చూసే జనం కంగారుపడతారు. కానీ కర్డ్ గిన్నెలో ఉన్నది విడి గుడ్డు కాదు. రసం దాన్ని పల్చన చేసింది, చక్కెర ఆపుతోంది, ముందే వేసి ఉంటే వెన్న కూడా మధ్యలో అడ్డుపడుతోంది. అందుకే 70 దాటాక గానీ చిక్కబడుతున్నట్టు కంటికి తెలియదు. 76 నుంచి 79 మధ్య సరిగ్గా కుదురుతుంది. 85 వైపు వెళ్తుంటే రవ్వలు రవ్వలుగా మారే ప్రమాదం మొదలవుతుంది. సన్నటి సెగ మీద ఈ దూరం దాటడానికి తగినంత సమయం పడుతుంది, కంగారు అక్కర్లేదు.

గుడ్లతో చేసే వంటకాలు 71 డిగ్రీలకు చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. అంటే భయపడి 65 దగ్గరే దించేసిన కర్డ్ పల్చగా ఉండటమే కాదు, తినడానికి సురక్షితం కూడా కాదు. నేనైతే 77 చూసి దించుతాను.

థర్మామీటర్ లేకపోయినా కర్డే చెబుతుంది, చూడటం తెలియాలి. గిన్నె పొయ్యి మీదకు ఎక్కించినప్పుడు పైన సబ్బు నురగలాంటి తెల్లటి బుడగలు ఉంటాయి. మొదటి ఐదారు నిమిషాలు అవి అలాగే ఉంటాయి, కింద ద్రవం నీళ్లలా కదులుతుంటుంది. ఏమీ జరగడం లేదే అనిపిస్తుంది. మంట పెంచాలనిపించేది సరిగ్గా అప్పుడే. పెంచకండి. కాసేపటికి నురగ అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది, ఆవిరి సన్నగా లేస్తుంది. నురగ దాదాపుగా మాయమైన నిమిషంలోనే చేతికి తేడా తెలుస్తుంది, గరిటె కాస్త బరువెక్కుతుంది. విస్క్ తిప్పితే దాని వెనకాల గీతలు పడి, క్షణం ఆగి కలుస్తాయి. ఇప్పుడు గరిటె ముంచి తీసి, దాని వీపు మీద వేలితో అడ్డంగా గీత గీయండి. గీత పూడకుండా అలాగే నిలిస్తే అయిపోయినట్టే. గీతలోకి కారుతుంటే ఇంకో నిమిషం ఉంచాలి.

ఇంకో మాట గుర్తుంచుకోవాలి. వేడి మీద అది ఎప్పుడూ జామ్ అంత గట్టిగా కనిపించదు. వెన్న 35 డిగ్రీలలోపే కరిగే పదార్థం. ఫ్రిజ్‌లో చల్లబడ్డాక అది మళ్లీ గట్టిపడి మిగతా చిక్కదనాన్ని ఇస్తుంది. వేడిగా ఉన్నప్పుడే స్పూన్ నిలబడాలని చూస్తే మాత్రం నిజంగానే విరిగిపోతుంది.

కొలతలు, చేసే పద్ధతి

నేను వాడే కొలత ఇది: నిమ్మరసం 120 మిల్లీలీటర్లు, చక్కెర 150 గ్రాములు, రెండు పూర్తి గుడ్లు, వాటికి తోడు రెండు పచ్చసొనలు, ఉప్పు లేని వెన్న 100 గ్రాములు, రెండు మూడు కాయల తొక్క తురుము, చిటికెడు ఉప్పు. సుమారు 450 గ్రాములు తయారవుతుంది. పెద్ద పసుపు లెమన్స్ అయితే మూడు సరిపోతాయి. పలుచని తొక్క ఉండే చిన్న నిమ్మకాయలైతే రెట్టింపు పట్టవచ్చు, తురిమేటప్పుడు జాగ్రత్తగా కూడా ఉండాలి. రంగు పొర కింద తెల్లటి పొర వెంటనే తగిలేస్తుంది, అది చేదు.

తురుమును తక్కువగా చూడకండి. రసంలో ఉన్నది ఎక్కువగా పులుపే. మనం నిమ్మ అని గుర్తుపట్టే వాసన తొక్కలోని నూనె తిత్తుల్లో ఉంటుంది. సిట్రాల్, లిమోనీన్ అనే పదార్థాలు ఆ నూనెలోవే. అవి నీటిలో సరిగా కరగవు. అందుకే తురుమును ముందు చక్కెరలో వేసి, వేళ్లతో ఒక నిమిషం బాగా నలపాలి. చక్కెర పలుకులు ఆ తిత్తులను చిదిమేస్తాయి, నూనె చక్కెరకు అంటుకుంటుంది. చక్కెర తడి ఇసుకలా ముద్దకట్టి, లేత పసుపు రంగుకు తిరిగి, వంటగది అంతా వాసన కమ్మేసిందంటే సరిగ్గా నలిపినట్టు. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఉండటం అరుదు.

ఆ చక్కెరలో గుడ్లు, సొనలు వేసి వెంటనే కలపాలి. తెల్లసొన తీగలు ఎక్కడా కనిపించనంతవరకు కలిపి, అప్పుడు రసం, ఉప్పు. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో సన్నసెగ మీద నేరుగా చేయవచ్చు. మొదటిసారి అయితే డబుల్ బాయిలింగ్ మంచిది. కింది గిన్నెలో నీళ్లు కుతకుతలాడకుండా ఆవిరి మాత్రం వస్తుండాలి, పై గిన్నె అడుగు ఆ నీళ్లకు తగలకూడదు. రెండు పద్ధతుల్లోనూ చెయ్యి ఆపకుండా, ముఖ్యంగా అడుగు, అంచులు తాకేలా కలుపుతుండాలి. విరగడం ఎప్పుడూ కదలిక లేని మూలల్లోనే మొదలవుతుంది. 77కి రాగానే దించి, సన్నటి జల్లెడలో వడకట్టి, వెన్న ముక్కలు ఒక్కొక్కటే వేసి కరిగేదాకా కలపాలి. దించాక గిన్నెలోనే వదిలేయకండి, గిన్నె వేడికి అది ఇంకా ఉడుకుతూనే ఉంటుంది.

గిన్నె విషయంలో మాత్రం రాజీ వద్దు. అల్యూమినియం, కళాయి లేని రాగి, ఇనుము ఈ మూడూ నిమ్మరసంతో చర్య జరిపి కర్డ్‌కు లోహపు రుచి తెస్తాయి, రంగూ మసకబారుతుంది. స్టీలు, గాజు, చెడిపోని ఎనామిల్ గిన్నెలు మంచివి. విస్క్, జల్లెడలకూ ఇదే వర్తిస్తుంది. గిన్నె మంచిదే వాడి, తుప్పు పట్టిన జల్లెడతో వడకట్టి, రుచి ఎందుకు పాడైందో తెలియక తలపట్టుకునేవాళ్లు ఉన్నారు.

రెసిపీలు ఎందుకు కొట్టుకుంటాయి

తెల్లసొనలో దాదాపు పదింట తొమ్మిది వంతులు నీళ్లు, మిగతాది ఎక్కువగా ప్రోటీన్. అది గట్టిదనం ఇస్తుంది, కాస్త జెల్లీ తరహా నిలకడ వస్తుంది. పచ్చసొనలో కొవ్వు ఎక్కువ, దాంతోపాటు లెసిథిన్ ఉంటుంది. కొవ్వునూ నీటినీ కలిపి ఉంచేది అదే. సొనలతోనే చేస్తే కర్డ్ క్రీమ్‌లా నున్నగా, ముదురు పసుపుగా వస్తుంది గానీ నిమ్మ పదును కాస్త మెత్తబడుతుంది. పూర్తి గుడ్లతో చేస్తే లేత రంగులో, పులుపు సూటిగా తెలిసేలా ఉంటుంది. కేక్ పొరల మధ్య నిలబడాలంటే పూర్తి గుడ్లు కావాలి, చెంచాతో తినడానికి సొనలు హాయి. రెండూ కలిపి వేయడం ఇష్టపడతాను కాబట్టి పైన ఆ కొలత ఇచ్చాను.

వెన్న ఎప్పుడు వేయాలన్నదీ ఇలాంటిదే. మొదట్లోనే వెన్న, చక్కెర గిలక్కొట్టి, తర్వాత గుడ్లు, చివర రసం పోసే పద్ధతి ఒకటుంది. రసం పోయగానే మిశ్రమం విరిగినట్టు గడ్డలు గడ్డలుగా కనిపిస్తుంది, చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. అది విరగడం కాదు, చల్లటి వెన్న విడిపోవడం. వేడెక్కగానే కరిగి నున్నగా అయిపోతుంది. గుడ్డు చుట్టూ ముందే కొవ్వు పూత ఉంటుంది కాబట్టి గడ్డలు కట్టే అవకాశం తక్కువ, వడకట్టాల్సిన పని కూడా అంతగా ఉండదు. భయం ఎక్కువున్నవాళ్లకు ఈ పద్ధతే చెబుతాను. చివర్లో వేస్తే వెన్న వాసన తాజాగా నిలుస్తుంది. ఫ్రెంచ్ పేస్ట్రీ నిపుణుడు పియెర్ ఎర్మే నిమ్మ క్రీమ్ దీనికి ఇంకో మెట్టు పైన ఉంటుంది. ఉడికిన మిశ్రమాన్ని 60 డిగ్రీలకు చల్లార్చి, అప్పుడు వెన్నను బ్లెండర్‌లో కలుపుతారు. ఆ వేడి దగ్గర వెన్న నూనెలా తేలిపోకుండా సన్నటి బిందువులుగా కలిసిపోయి, గుల్లగా, లేత రంగులో తేలికైన క్రీమ్ వస్తుంది.

తేడా వస్తే

పల్చగా ఉందా? పారబోయకండి. చల్లబడిన తర్వాత తెలిసినా సరే, మళ్లీ గిన్నెలో పోసి సన్నసెగ మీద 77 దాకా తీసుకెళ్లండి. నేను పారబోసిన ఆ మొదటి సీసా కూడా ఇలా చేస్తే బాగుపడేది, అప్పుడు తెలియలేదు.

అక్కడక్కడ తెల్లటి ముక్కలు కనిపిస్తే అది సరిగా కలవని తెల్లసొన, జల్లెడ పడితే పోతుంది. మొత్తం రవ్వలా మారితే వెంటనే దించి, చల్లటి గిన్నెలోకి మార్చి, బ్లెండర్‌తో ఒక నిమిషం తిప్పి వడకట్టండి. మరీ ఎక్కువ ఉడికి ఉడికిన గుడ్డు వాసన వస్తుంటే మాత్రం దాన్ని ఏ బ్లెండరూ దాచలేదు. పైన నూనె తేలితే వెన్న విడిపోయిందని అర్థం, ఒక చెంచా వేడి నీళ్లు పోసి గట్టిగా కలిపితే మళ్లీ కలుస్తుంది. రంగు మీరనుకున్నంత పసుపుగా లేకపోతే అది మీ తప్పు కాదు. కర్డ్ రంగు ఎక్కువగా పచ్చసొన నుంచి వస్తుంది, సొన రంగు కోడి తిన్న మేతను బట్టి ఉంటుంది.

నిల్వ

వేడిగా ఉండగానే శుభ్రమైన పొడి గాజు సీసాలో పోసి, ప్లాస్టిక్ పొరను కర్డ్ ఉపరితలానికి తగిలేలా కప్పాలి. లేకపోతే పైన మీగడలా పొర కడుతుంది. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ధైర్యంగా వాడుకోవచ్చు, ప్రతిసారీ పొడి స్పూన్ వాడితే.

చక్కెర ఉంది, పులుపు ఉంది కదా, జామ్‌లా బయట పెట్టుకోవచ్చా అని అడుగుతుంటారు. వద్దు. జామ్‌లో బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెర ఉంటుంది. పై కొలతతో చేసిన కర్డ్‌లో అది మూడో వంతే, పైగా గుడ్లు, వెన్న ఉన్నాయి. సీసాల్లో మూసి మరిగించి నెలల తరబడి నిల్వ చేయడానికి అమెరికాలోని జాతీయ గృహ ఆహార నిల్వ కేంద్రం వారి రెసిపీ ప్రత్యేకంగా ఉంది. అందులో తాజా రసం బదులు సీసాల్లో అమ్మే నిమ్మరసమే వాడమంటారు, దానిలో పులుపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి. ఇంట్లో పిండిన కాయకీ కాయకీ పులుపు మారుతుంది. నా కొలతతో ఆ ప్రయత్నం చేయకండి.

ఎక్కువ రోజులు కావాలంటే ఫ్రీజర్ ఉంది. చిన్న డబ్బాల్లో, పైన వేలెడు ఖాళీ వదిలి పెడితే ఏడాది దాకా ఉంటుంది. చక్కెర వల్ల పూర్తిగా రాయిలా గడ్డకట్టదు. కావాల్సిన ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి, పొద్దున్న స్పూన్‌తో నాలుగుసార్లు తిప్పితే చాలు.